వాడ మీటరు - 5 : బకాయి ఎవరిది?

ఈ రాష్ట్రంలో కరెంటు ఊరికే వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. "ఫ్రీ కరెంటోళ్లు" అన్న పేరు మాత్రం వాడకే దక్కింది. బస్సులో, టీ బంకు దగ్గర, చదువుకున్నవాళ్లు కూర్చునే స్టాఫ్ రూముల్లో కూడా ఈ మాట వినిపిస్తుంది. "వాళ్లకేం, రెండొందల యూనిట్లు ఫ్రీ. మన బిల్లుల్లోంచే పోతుంది" అంటారు. పోయిన భాగం కింద కామెంట్లలో కూడా ఇద్దరు ముగ్గురు మర్యాదగానే ఈ మాట అడిగారు. మర్యాదగా అడిగారు కాబట్టి వివరంగా జవాబు చెప్తాను.

మొదట ఆ మాట సంగతి చూద్దాం. "ఉచితం" అంటే అసలు అర్థం "తగినది". ఔచిత్యం, సముచితం, అనుచితం అన్నీ ఆ కుదురు మాటలే. అలంకారశాస్త్రంలో ఔచిత్యం మీద పరీక్షలో పది మార్కుల ప్రశ్న వస్తుంది. వాడుకలో అది "ఊరికే వచ్చింది" అయిపోయింది. నేను పాత అర్థంలోనే వాడతాను. వాడకి కరెంటు ఉచితం, అంటే తగినది, న్యాయమైనది. ఊరికే ఇచ్చినదానికి తెలుగులో ఇంకో మాట ఉంది: వెట్టి. చచ్చిన గొడ్డుని మోసి, గుంత తవ్వి, డప్పు కొట్టి, కళ్లం ఊడ్చి, కబురు మోసి ఈ ఊళ్లకి తరాల తరబడి ఊరికే ఇచ్చింది ఎవరు? దానికి మీటరు పెట్టలేదు కాబట్టి బకాయి లేదనుకుంటున్నారు.

సరే, చరిత్ర లెక్క పక్కన పెడదాం. ఈ నెల బిల్లు లెక్కే చూద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకి ఉన్న రేట్లివి. మొదటి 30 యూనిట్లకి 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4.50. 225 దాకా 6 రూపాయలు. 400 దాకా 8.75. ఆపైన 9.75. తక్కువ వాడేవాడు తక్కువ కట్టాలి, ఎక్కువ వాడేవాడు ఎక్కువ కట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంది. నాకూ ఈ సూత్రంతో తగాదా లేదు. కానీ ఈ సూత్రం ఒక మీటరంటే ఒక కుటుంబం అనుకుంటోంది. వాడలోకొచ్చి చూడండి. నలభై ఏళ్ల కిందట ఇచ్చిన కాలనీ ఇల్లు, రెండు గదులు. ముసలామె, పెద్దకొడుకు కుటుంబం, చిన్నకొడుకు కుటుంబం. పొయ్యిలు మూడు, మీటరు ఒకటి. వేరే మీటరు కావాలంటే వేరే డోర్ నంబరు కావాలి, పట్టా కాగితం కావాలి, డిపాజిట్ కావాలి. పట్టా ముసలాయన పేరు మీద ఉంది. ఆయన పోయి పదిహేనేళ్లయింది.

ఇప్పుడు లెక్క వెయ్యండి. ఒక్కో పొయ్యి 80 యూనిట్లు వాడిందనుకుందాం. మొత్తం 240. ఒకే మీటరు మీద యూనిట్ల ధరే 1,148 రూపాయల 25 పైసలు. అదే 240 యూనిట్లు మూడు మీటర్ల మీద తిరిగితే ఒక్కో ఇంటికి 214.50, మూడిళ్లకి కలిపి 643.50. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం కలపకుండానే తేడా 504 రూపాయల 75 పైసలు. అదే కరెంటు, అదే మనుషులు, అవే ఫ్యాన్లు. ఇల్లు కట్టుకోలేక కలిసి ఉన్నందుకు నెలనెలా ఈ తేడా కడుతున్నారు. మూడు మీటర్లుంటే ముగ్గురూ 200 లోపే ఉంటారు. ఒకే మీటరు కాబట్టి ఆ పథకం గీత కూడా దాటేశారు. ఇక అప్పుడు బజార్లో ఏమంటారు? "చూశావా, ఫ్రీ అనేసరికి ఎట్లా కాలుస్తున్నారో" అంటారు.

పక్క రాష్ట్రంలో ఈ గీత ఇంకా పదునుగా ఉంది. తెలంగాణలో 200 యూనిట్లు వాడిన ఇంటికి యూనిట్ల ధర 820 రూపాయలు. 201 వాడితే శ్లాబే మారిపోయి మొదటి 200 యూనిట్లకీ 5 రూపాయల 10 పైసల లెక్కన మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చాక 200 లోపు సున్నా. 201 అయితే మొత్తం కట్టాలి. అంటే ఆ ఒక్క యూనిట్ ధర వెయ్యి రూపాయలు దాటింది. అందుకే రీడింగ్ తేదీ ముఖ్యం. ముప్పై రోజులకి తియ్యాల్సిన రీడింగ్ ముప్పై ఆరు రోజులకి తీస్తే ఆరు రోజుల ఫ్యాన్ గాలి మనల్ని ఆ గీత దాటిస్తుంది. రోజుల లెక్కన సర్దామంటారు. సర్దారో లేదో బిల్లు మీద చూసుకోవాల్సింది మనమే.

"అంత ఎందుకు వాడుతున్నారు, పొదుపు చేసుకోవచ్చు కదా" అనే పెద్దమనుషులకి ఇంకో లెక్క. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రోజుకి ఇరవై గంటలు తిరిగితే నెలకి 45 యూనిట్లు. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లలోపే, నెలకి 18 యూనిట్లు. ఫ్యానుకి 27 యూనిట్లు మిగులు. మరి కొనొచ్చు కదా? దాని ధర మామూలు ఫ్యానుకి దాదాపు రెట్టింపు. కూలికి పోయే ఇంట్లో ఫ్యాను కాలిపోతే ఆ సాయంత్రం చేతిలో ఉన్న డబ్బుకి ఏది వస్తే అదే కొంటారు, లేదా వైండింగ్ చేయిస్తారు. ఫ్రిజ్ సెకండ్ హ్యాండ్‌ది, డోర్ రబ్బరు ఊడిపోయి రాత్రీ పగలూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. పైన రేకులు లేదా ఉరుస్తున్న శ్లాబు. పొదుపు చెయ్యాలంటే ముందు పెట్టుబడి ఉండాలి. అది ఉన్నవాళ్లు సోలార్ పలకలు కూడా పెట్టుకుంటున్నారు. లేనోడికే ఖర్చెక్కువ.

ఇక వాడ దాటి టౌనుకొచ్చిన మనవాళ్ల సంగతి. 2019లో 200 యూనిట్ల పథకం ప్రకటించినప్పుడు అది ఎస్సీ కాలనీల్లో, దళితవాడల్లో ఉండేవాళ్లకి అన్నారు. ఇది మామూలు నిబంధనలాగే కనిపిస్తుంది. నాకు మాత్రం అలా అనిపించదు. వాడలో ఉంటే వెలుతురు ఊరికే, వాడ దాటితే డబ్బు కట్టు అని రాజ్యం చెబుతోంది. అంబేద్కర్ పల్లె వదలండి అన్నాడు. మనవాళ్లు పిల్లల చదువు కోసం పల్లె వదిలి, టౌన్లో కులం చెప్పీ చెప్పకా ఒక గది అద్దెకి తీసుకుంటారు. ఆ గదిలో మనం ఎస్సీలం కాదట, వినియోగదారులమట. సబ్‌మీటరు పెట్టి ఇంటి ఓనరు యూనిట్‌కి పది రూపాయలన్నా నోరెత్తలేం. నోరెత్తితే "మీరు ఎవరమ్మా?" అన్న ప్రశ్న వస్తుందని భయం.

టౌను అద్దె ఇంటికి ఇంకో వాత ఉంది. బిల్లు మీద ట్రూ అప్ అనీ, ఎఫ్‌పీపీసీఏ అనీ ఉంటుంది చూశారా, అది ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. డిస్కంలు అనుకున్నదానికంటే ఎక్కువ పెట్టి కరెంటు కొంటే ఆ తేడాని తర్వాత మన దగ్గర వసూలు చేస్తారు. 2022-23 సంవత్సరం తేడా కింద 6,072 కోట్లు, 2023-24 కింద 9,412 కోట్లు వసూలు చేసుకొమ్మని ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి 2024 చివర్లో అనుమతిచ్చింది. రెండూ 2024 డిసెంబర్ నుంచే మొదలు. ఎప్పుడో వాడిన యూనిట్ల మీద ఇప్పుడు వసూలు. ఆ యూనిట్లు వాడిన కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. మీటరు మాత్రం గోడ మీదే ఉంది. కొత్తగా దిగినవాడు ఆ కడుపు నిండిన భోజనానికి ఇప్పుడు బిల్లు కడుతున్నాడు. ఖరీదైన కరెంటు కొనాలన్న నిర్ణయంలో మనం లేము. బొగ్గు ఒప్పందాల్లో లేము. నష్టంలో మాత్రం వాటాదారులం.

ఇప్పుడు వాడలో ఉండిపోయినవాళ్ల దగ్గరికొద్దాం. వాళ్లయినా హాయిగా ఉన్నారా?

కుల ధ్రువపత్రం తెమ్మంటారు. సర్వీసు తాత పేరు మీద, ధ్రువపత్రం మనవడి పేరు మీద. పేర్లు కలవలేదు కాబట్టి పేరు తీసేశామంటారు. చర్చికి పోతాడని ఎవరో రాసిస్తే బీసీ-సీ అయిపోతాడు. అదే వాడ, అదే గోడ, అదే పేదరికం. అన్నకి సున్నా బిల్లు, తమ్ముడికి వెయ్యి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఈ రోజు మీటరు పెట్టెలోకి కూడా దూరింది.

ఇంకో ఘోరం చాలామంది అనుభవించారు కాబట్టి గుర్తు చేస్తున్నాను. ఆరంచెల వడపోత. నెలకి 300 యూనిట్లు దాటితే పేదవాడు కాదు. బియ్యం కార్డు, పింఛను, అప్పట్లో ఉన్న అమ్మ ఒడి అన్నిటికీ ఆ జల్లెడే. అద్దెకున్న ఇంటి మీటరుకి మన ఆధార్ తగిలిస్తే పోయింది. ఎవరి మీటరో మన ఆధార్‌కి పొరపాటున అతుక్కుంటే పోయింది. మూడు పొయ్యిలకి ఒకే మీటరున్న ఇల్లు ఎండాకాలంలో ఎక్కడుంటుందో మీరే చూసుకోండి. సచివాలయానికి తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. అంటే బిల్లు కాగితం మన ఖర్చు చెప్పి ఊరుకోవడం లేదు. మనం పేదవాళ్లమో కాదో కూడా అదే తీర్పు చెబుతోంది.

పోయిన ఎండాకాలం మా వాడలో జరిగింది చెప్తాను. చాన్నాళ్లు సున్నా బిల్లులు వచ్చాయి. ఒకరోజు నలభై ఇళ్లకి పైగా బకాయి కాగితాలు వచ్చాయి. ఒకరికి ఆరు వేలు, ఒకరికి పదకొండు వేలు, మా చిన్నమ్మకి పద్నాలుగు వేలు. ఏమిటని అడిగితే "ప్రభుత్వం నుంచి రాలేదు, మీ పేర్లు లిస్టులో లేవు, కట్టండి" అన్నారు. వారం తిరక్కుండా స్తంభం దగ్గర సర్వీసు వైర్లు కోసేశారు. రాతపూర్వకంగా నోటీసు ఏ ఇంటికీ రాలేదు. మా చిన్నమ్మ పాత బిల్లులన్నీ ట్రంకుపెట్టెలో దాచింది. తీసి చూస్తే తెల్ల కాగితాలు. ఆ స్పాట్ బిల్లు కాగితం మీద అక్షరాలు నాలుగైదు నెలలకే మాసిపోతాయి. సాక్ష్యం అంతా పెట్టెలోనే ఆవిరైపోయింది.

వైరు కోసిన కుర్రాడూ మనవాడే. పక్క ఊరి వాడ. కాంట్రాక్టు మీద స్తంభాలెక్కుతున్నాడు. బిల్లు కొట్టే కుర్రాడికి బిల్లుకి ఇన్ని పైసలని ఏజెన్సీ ఇస్తుంది, రోజుకి ఎన్ని కొడితే అంత. అతను తలుపు వేసున్న ఇంటి ముందు ఎందుకు ఆగుతాడు? మన కోపం ఆ కుర్రాళ్ల మీదికి పోకూడదు. వాళ్లని ముందు నిలబెట్టి వెనక కూర్చున్నవాళ్లు వేరే ఉన్నారు.

వాళ్లెవరో చట్టమే చెబుతోంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 65. ప్రభుత్వం ఏ వర్గానికైనా సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ డబ్బు డిస్కంకి ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే ఆ సబ్సిడీ ఆదేశం అమల్లో ఉండదు. అంటే వేదిక మీద ప్రకటించేది ఒకరు, ముందుగా కట్టాల్సిందీ వాళ్లే. వాళ్లు కట్టకపోతే బిల్లు తిరిగి మా చిన్నమ్మ గుమ్మంలోకి వస్తుంది. పద్నాలుగు వేల బకాయి మా చిన్నమ్మది కాదు. మాటిచ్చి డబ్బు కట్టని ప్రభుత్వానిది. వైరు కోయాలంటే అక్కడ కోయాలి.

ఇంకో సంగతి. ఈ ఖర్చేమీ ఎవరి బిల్లులోంచో పోవడం లేదు. 2013లో ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. జనాభా దామాషాలో మనకి రావాల్సిన వాటా అది. అప్పట్లో 50 యూనిట్లతో మొదలుపెట్టి 200 దాకా పెంచిన ఈ పథకం ఖర్చుని ఆ వాటాలోనే రాస్తూ వచ్చారు. హాస్టళ్లకి, భూమి కొనుగోలుకి, చదువుకి పోవాల్సిన మన డబ్బులోంచి మనకే కరెంటు ఇచ్చి, దానికి దానం అని పేరు పెట్టారు.

"మరి డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి, ఎవరో ఒకరు కట్టాలి కదా" అనేది బలమైన ప్రశ్న. దాన్ని తప్పించుకోను. అవును, కట్టాలి. ఎవరు కట్టడం లేదో ముందు చూద్దాం. ప్రభుత్వ శాఖల బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుంటాయి. ఏ కలెక్టరేట్‌కీ వైరు కోసిన ఫొటో నేను చూడలేదు. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రోజే వైఎస్ రాజశేఖరరెడ్డి మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు, పాత బకాయిల మాఫీ మీద పెట్టారు. ఆ సంతకాన్ని నేను తప్పు పట్టను. అప్పుల్లో చస్తున్న రైతుకి అది ఊపిరి. కానీ మోటారుకి కరెంటు రావాలంటే మోటారు ఉండాలి, మోటారుకి బోరు ఉండాలి, బోరుకి భూమి ఉండాలి. భూమి ఎవరి చేతుల్లో ఉందో, మోటారు పక్కన కూలి ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ మోటార్లు, ఎక్కువ ఉచితం. దాన్ని మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యరు. కొత్త ఫ్యాక్టరీ పెట్టినవాళ్లకి పారిశ్రామిక విధానాల కింద కరెంటు చార్జీలో యూనిట్‌కి ఇంత అని వెనక్కిస్తారు. మాటలు గమనించండి. ఫ్యాక్టరీకి ఇస్తే ప్రోత్సాహకం. భూమి ఉన్నవాడికి ఇస్తే సబ్సిడీ. వాడకి ఇస్తే ఫ్రీ.

వాడకి కరెంటుతో ఏం సంబంధం అనుకునేవాళ్లకి ఒక చరిత్ర పాఠం కూడా. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా విద్యుత్ శాఖని చూసింది డాక్టర్ అంబేద్కర్. దేశమంతటికీ విద్యుత్ ప్రణాళిక ఉండాలని సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు పెట్టింది ఆయన హయాంలోనే. 1943 అక్టోబర్‌లో విద్యుత్ విధాన కమిటీలో మాట్లాడుతూ కరెంటు ప్రైవేటు చేతుల్లో ఉండాలా, ప్రభుత్వం చేతుల్లో ఉండాలా అన్న ప్రశ్న ముందుకు తెచ్చాడు. చవగ్గా, పుష్కలంగా కరెంటు లేకపోతే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకపోతే పేదరికం పోదు అని వాదించాడు. మన చౌరస్తాల్లో ఆయన విగ్రహం మీద లైటు వెలుగుతుంది. ఆ లైటు వెనక ఆయన చేసిన పని కూడా ఉందని మన పిల్లలకి చెప్పాలి.

ఆ ఆలోచన ఎటు పోయింది? 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పు వెనకే వచ్చింది. విద్యుత్ బోర్డుని ముక్కలు చేశారు. 2000లో చార్జీలు పెంచారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి చనిపోయారు. పాతికేళ్లు దాటింది. ఇప్పుడు కాల్పులు అవసరం లేదు. పెంపు మన కళ్లకి కనపడకుండా సర్దుబాటు పేరుతో నెలనెలా బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో వస్తోంది. రేపు ప్రీపెయిడ్ మీటరొస్తే మనిషి వచ్చి వైరు కోసే పని కూడా ఉండదు. రీచార్జి అయిపోతే చీకటి. ప్రభుత్వం ముందు కట్టాలని చట్టంలో ఉంటే పేదవాడు ముందు కట్టే రోజులొస్తున్నాయి. గ్యాస్ బండకి అదే జరిగింది. ముందు డబ్బు కట్టు, ఖాతాలో తర్వాత వేస్తాం అన్నారు. ముందు కట్టడానికి డబ్బుంటే మాకు పథకం ఎందుకు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తిట్టి ఊరుకుంటే చాలదు. సెలవులకి ఊరెళ్తారు కదా. వాడలో ఒక ఆదివారం పొద్దున బిల్లులు చదవండి. చెయ్యాల్సినవి ఇవి.

ప్రతి బిల్లునీ వచ్చిన రోజే ఫోన్లో ఫొటో తియ్యండి. సున్నా బిల్లుని కూడా. చట్టంలో సెక్షన్ 56 రెండో భాగం ప్రకారం ఒక బకాయి మొదట కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే, మధ్యలో వరసగా బకాయిగా చూపిస్తూ రాకపోతే, దాన్ని వసూలు చెయ్యకూడదు. బకాయి సున్నా అని అచ్చయిన పాత బిల్లు మన చేతిలో ఆయుధం. ఫొటోలు లేకపోతే సర్వీస్ నంబరుతో పాత నెలల లెక్కలు రాతపూర్వకంగా అడగండి.

వైరు కొయ్యాలంటే పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటి మాట నోటీసు కాదు. బిల్లు మీద వివాదం ఉంటే అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది నిరసన తెలుపుతూ డిపాజిట్ చేస్తే వివాదం తేలేదాకా కరెంటు కొయ్యకూడదు. అదీ సెక్షన్ 56లోనే ఉంది. ఆరు నెలలు సున్నా బిల్లు వచ్చిన ఇంటికి సగటు ఎంతవుతుందో ఏఈ గారినే లెక్కేసి చెప్పమనండి.

రీడింగ్ తియ్యకుండా అంచనా బిల్లు కొడుతుంటే 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనలు చూపించండి. రెండు బిల్లింగ్ సైకిళ్లకి మించి అంచనా బిల్లు వస్తే, అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప, అసలు రీడింగ్ తీసేదాకా కట్టనని చెప్పే హక్కు ఉంది. మీటరు పరుగెడుతోందని అనుమానముంటే 2024 సవరణ ప్రకారం ఫిర్యాదు చేసిన ఐదు రోజుల్లో పక్కన చెక్ మీటరు పెట్టాలి.

ఏఈ ఆఫీసులో పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అర్జీ తెలుగులోనే రాయండి, రసీదు తీసుకోండి. ఒక్కరు పోతే కుర్చీ కూడా చూపించరు. నలభై ఇళ్ల కాగితాలు కట్టగట్టి పదిమంది కలిసి పొండి. మా వాడలో అట్లా పోయాకే వైర్లు మళ్లీ తగిలించారు. బకాయి ఇంకా రద్దు కాలేదు, వేదిక ముందు ఉంది. ఏమైందో ఇక్కడే రాస్తాను.

మనం అడగాల్సినవి మూడు. పథకం వాడ సరిహద్దుకి కాక మనిషికి వర్తించాలి, టౌన్లో అద్దెకున్నా, మతం మారినా. ఒకే కప్పు కింద ఎన్ని పొయ్యిలుంటే అన్ని మీటర్లు పట్టా పేచీ లేకుండా ఇవ్వాలి. ప్రభుత్వం కట్టని సబ్సిడీని ఏ ఇంటి మీదా బకాయిగా రాయకూడదు. ఈ మూడింటిలో ఏదీ దానం కాదు. మొదటిది సమానత్వం, రెండోది లెక్క, మూడోది చట్టం.

వచ్చే భాగంలో స్తంభాలెక్కే కాంట్రాక్టు కార్మికుల గురించి రాస్తాను. మీ ఊరి బిల్లుల అనుభవాలు కామెంట్లలో రాయండి. సర్వీస్ నంబర్లు, పేర్లు మాత్రం పెట్టొద్దు.

జై భీమ్.